నాణెమునకు వాకిలి మూయరాదు

శ్రీశైలయాత్ర చేసినవారిలో పెద్దదోర్నాలను చూడనివారు తక్కువ. గుంటూరు కర్నూళ్ల నడుమనున్న పెద్దబాటనుండి మల్లికార్జునుని సన్నిధికి బోవు ఘాటుమార్గము ఇచ్చటనే చీలుచున్నది. మార్కాపురపు బస్సులును ఇచ్చటనే నిలుచును. రాత్రివేళ వాహనములను నల్లమల యడవిలోనికి విడువరు గనుక, తెల్లవాఱుటకై వేచియుండు యాత్రికులతో ఊరు మేలుకొనియుండును. ఇడ్లీ హోటళ్లు, టీ అంగళ్లు, కొబ్బరికాయల కొట్లు, మందులషాపులు, పంక్చరు వేయు షెడ్లు, అన్నియు ఈ బాటను నమ్ముకొని బ్రదుకుచున్నవి. ఒక్కరూపాయి ఏ రీతిని చేతులు మాఱుచున్నదో యిట్టి యూరిలో నొక పూట కూర్చుండి చూచినచో, దేశమున పదేండ్లలో గలిగిన మార్పు కన్నులకు గట్టును.

పదేండ్ల క్రిందట ఈ అంగళ్లలో వినబడుచుండిన మాట యొక్కటే: "చిల్లర లేదు." రూపాయికి బదులు చాక్లెట్టు బిళ్ల చేతబెట్టుటయు, మిగిలినది తరువాత నిచ్చెదమని చీటీ వ్రాసి యిచ్చుటయు, ఆ చీటీతో యాత్రికుడు మరల రాకపోవుటయు సామాన్యములు. నేడో, ప్రతి గల్లాపెట్టె ప్రక్కను ఒక చదరపు పలక నిలిచియున్నది. దానిని జనులు స్కానరనుచున్నారు. ఫోనును దానికి జూపి, అంకె వ్రాసి, రహస్యసంఖ్య నొత్తినంతనే, ప్రక్కనున్న చిన్నపెట్టె యింత సొమ్ము ముట్టినదని తెనుగున బిగ్గరగా జెప్పుచున్నది. పెద్దనగరములలో ఫోనును యంత్రమునకు తాకించి చెల్లించువారును గలరు. మన యూళ్లలో చదరపు పలకదే రాజ్యము. ఐదు రూపాయల అగ్గిపెట్టెలకును, ఐదువేల రూపాయల ఎరువు బస్తాలకును అదే దారి. "ఫోన్‌పే చేసితిని" యనుట, ఏ సంస్థ యుపకరణమును వాడినను, తెనుగున నొక క్రియయై కూర్చున్నది.

ఇది మేలైన మార్పు. ఈ మాటను ముందుగానే నిష్కర్షగా జెప్పుచున్నాము. ఏలయన, తరువాత మేము చెప్పబోవు దానిని విని మమ్ము క్రొత్తదనమునకు శత్రువులని తలంపరాదు. 2016 ఏప్రిలు 11వ తేదీన యూపీఐ యను నీ యేర్పాటు బొంబాయిలో ప్రారంభింపబడెను. ఆ యేడే నవంబరు 8వ తేదీన 500, 1000 రూపాయల నోట్లు రద్దయి, జనులు బ్యాంకుల వాకిళ్లలో బారులు తీరినప్పుడు అది నలుగురి నోళ్లలో పడెను. 2025 ఆగస్టు నెలలో ఈ మార్గమున జరిగిన చెల్లింపులు రెండువేల కోట్లకు మించినవి. వాని మొత్తము సుమారు 24.85 లక్షల కోట్ల రూపాయలు. దీని పనితీరు సులభముగా బోధపడునదే. కొనువాని ఫోను తన బ్యాంకునకు ఆజ్ఞ నిచ్చును. ఆ యాజ్ఞ జాతీయ చెల్లింపుల సంస్థ నడుపు కేంద్రముగుండ అమ్మువాని బ్యాంకునకు జేరును. సొమ్ము క్షణములలో ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు మాఱును. 2020 జనవరి 1వ తేదీ మొదలు దీనికై వ్యాపారివద్ద రుసుము వసూలు చేయరాదని ప్రభుత్వము శాసించినది. అరటిపండ్ల బండివానికిని ఆభరణముల దుకాణమునకును ఒకే పద్ధతి, ఒకే వేగము లభించుట ఈ దేశమున నిదివఱ కెన్నడు నెఱుగనిది.

అంతియకాదు, ఇది స్వదేశీయమైన కట్టడము. 1923లో పట్టాభి సీతారామయ్యగారు మచిలీబందరున ఆంధ్రాబ్యాంకును స్థాపించిన నాడు, తెలుగువాని సొమ్ము తెలుగువాని యక్కఱకు బనికిరావలయునను పట్టుదలతోనే పూనుకొనిరి. ఆ బ్యాంకు 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియన్ బ్యాంకులో విలీనమైనది. ఆ సంకల్పము మాత్రము చావలేదు. పరదేశపు కార్డు కంపెనీలకు ప్రతి కొనుగోలుపై సుంకము గట్టనక్కఱలేకుండ మన యింజనీర్లు, మన బ్యాంకులు కలిసి నిర్మించిన బాట యిది. అయినను బాట మనదయ్యును, బాటమీది బండ్ల సంగతి వేఱు. యూపీఐ చెల్లింపులలో నూటికి ఎనుబదింటికి మించి రెండే ఉపకరణములగుండ సాగుచు వచ్చినవి. ఒకటి ఫోన్‌పే, దానిలో ప్రధానమైన వాటా 2018 మొదలు అమెరికాదేశపు వాల్‌మార్టు సంస్థది. రెండవది గూగుల్ వారిది. ఏ యొక్క ఉపకరణమును నూటికి ముప్పదికి మించి వ్యాపారము చేయగూడదని 2020 నవంబరులో నియమము చేసిరి గాని, దాని యమలునకు గడువును పొడిగించుచు 2026 డిసెంబరు వఱకు దెచ్చిరి. గడువుమీద గడువు నిచ్చుచుండిన నియమము గోడకు వ్రేలాడు క్యాలెండరు వంటిది. ఏటేట మాఱును గాని యెవరిని కదల్పదు.

ఇంతవఱకు మెచ్చుకోలును, కొంత హెచ్చరికయు. ఇక మేము చూచినదానిని జెప్పవలసియున్నది.

ఇటీవల మేము పెద్దదోర్నాలలో నొక హోటలున ఫలహారము చేయుచుండగా, మూడు మోటారుబండ్లపై వచ్చిన పట్నపు యువకులు కొందఱు తిని లేచిరి. సొమ్ము చెల్లింపబోవగా ఫోనుకు సంకేత మందలేదు. ఒకడు బయటికి బోయి చేయెత్తి నిలిచెను. ఒకడు ఫోను నార్పి మరల వెలిగించెను. వారి జేబులలో అందఱికిని గలిపి ఇరువది రూపాయలు లేవు. యజమాని నవ్వి, "పోయి రండి నాయనా, దర్శనము చేసికొని తిరిగివచ్చునప్పు డిద్దురు గాని" యని పంపివేసెను. ఊరు తెలియదు, పేరు తెలియదు, అయినను నమ్మెను. ఆ మనుష్యుని సౌజన్యమునకు మేము లోలోన నమస్కరించితిమి.

ఆ మధ్యాహ్నమే అదే బజారున మఱియొక కొట్టువద్ద నొక ముసలమ్మ పప్పును, సబ్బుబిళ్లను తీసికొని, కొంగుముడి విప్పి పదిరూపాయల బిళ్లలను బల్లమీద నుంచెను. కొట్టువాడు వానిని ముట్టక, "ఇవి పోవు అవ్వా, ఫోనులో వేయించు, లేకున్న నోటు తే" యనెను. ఆమె వద్ద ఐదువందల నోటొకటి కలదు. దానికి చిల్లర లేదని మరల మాట. "అయ్యా, ఇవి సర్కారోళ్లిచ్చిన బిళ్లలే గదా" యని యామె యడిగిన ప్రశ్నకు ఆ కొట్టున ప్రత్యుత్తరము లేకపోయెను. వెనుక నిలిచిన కుఱ్ఱవాడొకడు తన ఫోనున చెల్లించి యామె బిళ్లలు తాను దీసికొనెను గనుక పప్పు ఆమె యింటికి జేరినది. అతడు లేకున్నచో?

ఒకే యూరు, ఒకే పూట. చేత ఫోనున్నవానికి సొమ్ము లేకున్నను అరువు దొరకెను; చేత సొమ్మున్న ముసలమ్మకు ఫోను లేదని సరకు దొరకదాయెను. ఈ రెండు దృశ్యములను ప్రక్కప్రక్కన నుంచి పాఠకులు విచారింతురు గాక. కొట్టువాడు దుర్మార్గుడని మేమనుట లేదు. టోకువర్తకుడు ఆ బిళ్లలను తనవద్ద దీసికొనడని యాతని మొఱ. కాని పూర్వము చిల్లర కఱవైనప్పుడు ఆతడే నాణెములకై వెదకుకొనుచుండెను. బిళ్లల మూట తెచ్చినవారిని కూర్చుండబెట్టి లెక్కించుకొనుచుండెను. ఇప్పుడు స్కానరు వచ్చి యాతని యక్కఱ దీఱినది. అక్కఱ దీఱినంతనే ఆదరము దీఱుట లోకసహజమే గాని న్యాయము గాదు.

పదిరూపాయల నాణెములు చెల్లవను వదంతి యెచ్చట పుట్టినదో గాని, అది పుట్టి చాలయేండ్లయినది. పదునాలుగు విధములైన ముద్రలతో వెలువడిన పదిరూపాయల నాణెములన్నియు చెల్లునని రిజర్వుబ్యాంకు 2018 జనవరిలో ప్రకటించినది. చట్టమును స్పష్టముగనే యున్నది. 1934 నాటి రిజర్వుబ్యాంకు చట్టము 26వ సెక్షను చొప్పున బ్యాంకునోటు దేశమందెల్లయెడల చెల్లవలసినదే. 2011 నాటి నాణెముల చట్టము 6వ సెక్షను చొప్పున రూపాయియు, అంతకు మించిన నాణెములును వేయిరూపాయల మొత్తము వఱకు చెల్లును. అయితే బేరము కుదురకముందే "నేను రొక్కమునకు అమ్మను" అని వ్యాపారి యన్నచో చట్టము వానిచేత బలవంతముగా నమ్మించునా యనునది వాదమునకు లోబడిన విషయము. హోటలున తినిన పిమ్మట సంగతి యట్లుగాదు. ఇడ్లీ కడుపులోనికి బోయినంతనే అప్పు ఏర్పడినది. ఆ యప్పునకు చెల్లుబాటైన నాణెము నీయజూపినప్పుడు వలదనుటకు యజమానికి న్యాయమైన యాధారము లేదు. చట్టము చేయిచాపజాలని చోట, అనగా బేరమునకు ముందు, మనలను నడుపవలసినది ఊరి మర్యాద. మేము నేడు పిలుచుచున్నది ఆ మర్యాదనే.

ఈ విషయమున ప్రభుత్వము చేయుచున్నదానిని గమనింపుడు. 2024 జులై మొదలు ఆంధ్రప్రదేశమున వృద్ధుల పింఛను నెలకు 4,000 రూపాయలు. దానిని సచివాలయపు సిబ్బంది నెల మొదట ఇంటింటికి దెచ్చి నోట్లుగా చేతబెట్టుచున్నారు. ముసలివారికి బ్యాంకు ప్రయాణము భారమని తలంచియే గదా యీ యేర్పాటు! సర్కారు వాకిటికి దెచ్చి యిచ్చిన నోటును వీథిచివర నంగడి వెనుకకు ద్రోసినచో, ఆ దయ సగములో నిలిచిపోవును. నల్లమల గూడెములనుండి తేనెయు, కుంకుళ్లును దెచ్చు చెంచులకు ఈ కష్టము మఱియు నెక్కువ. దోర్నాలనుండి శ్రీశైలము వఱకు సుమారు ఏబది కిలోమీటర్ల యడవిదారిలో చాలమేర ఫోను మూగదియే. మూగఫోను గల చోటునుండి వచ్చిన మనుష్యుని ఫోను లేదని నిందించుట, చెఱువెండిన యూరివానిని ఈత రాదని పరిహసించుట వంటిది.

నోటుకు కాలము చెల్లినదనువారు లెక్కలను జూడరు. 2016 నవంబరున దేశమున చెలామణిలోనున్న రొక్కము పదునెనిమిది లక్షల కోట్లకు లోపుగా నుండెను. 2025 నాటికి అది ముప్పదియైదు లక్షల కోట్లను మించినది. ఫోను చెల్లింపులు పెరిగినవి, రొక్కమును పెరిగినది. అనగా జనులు రెండుచేతుల బ్రదుకుచున్నారు. ఒకచేతిని నఱకికొమ్మని యెవరిని శాసింపరాదు.

వ్యాపారి పక్షమునను జెప్పవలసినది కలదు. పలుకుపెట్టె ఊరక రాలేదు. సొమ్ము పంపినట్లు బొమ్మ జూపి సరకు దీసికొనిపోయిన మోసగాండ్ర వలననే అది యంగళ్లలో పుట్టినది. దానికి నెలనెల అద్దెయు వ్యాపారియే గట్టుచున్నాడు. తెల్లవాఱునప్పటికి ఒకరి పలకపై మఱియొకరి పలకను అతికించిపోవు దొంగలును దేశమున బయలుదేఱిరి. 2025 మార్చి 26వ తేదీనను, ఏప్రిలు 12వ తేదీనను ఈ యేర్పాటు దేశమందు పలుచోట్ల కొంతసేపు స్తంభించినప్పుడు, గల్లాలో చిల్లర నుంచుకొన్న వ్యాపారియే తలయెత్తికొని యమ్మగల్గెను. ఆ యేడు జులైలో కర్ణాటక ప్రభుత్వము యూపీఐ రాబడి లెక్కలను బట్టి వేలకొలది చిల్లరవర్తకులకు పన్ను నోటీసులు పంపగా, బెంగుళూరున అనేకులు పలకలను పీకివేసి "రొక్కమే" యని బోర్డులు గట్టిరి. పన్ను విషయమున లెక్కకు వచ్చునది అమ్మకపు మొత్తమే గాని చెల్లించిన విధము గాదని వారికి ముందుగా దెలిపినవారు లేరు. పలకలు పంచునప్పుడు వచ్చినవారు, లెక్కలు బోధించునప్పుడు రాకపోయిరి. వ్యాపారికి భయము పుట్టించి ఏ క్రొత్తపద్ధతిని నిలుపజాలము.

ఇతరదేశముల యనుభవ మేమి చెప్పుచున్నది? కీన్యాదేశమున 2007లోనే ఎంపెసా యను నేర్పాటు మామూలు మీటల ఫోనులమీదనే పేదల చేతికి సొమ్ము జేర్చెను. చెల్లింపులు చాలవఱకు యంత్రములగుండ సాగు నార్వేదేశమున, దుకాణమునందు రొక్కము నిచ్చు హక్కును 2024 అక్టోబరు 1వ తేదీనుండి చట్టముతో గట్టిపఱచిరి. ధనికమై, చదువరియై, ప్రతిమనిషికి ఫోనున్న దేశమే ముసలివానికొఱకును, విద్యుత్తు పోయిన దినముకొఱకును నాణెమును కాపాడుకొనుచుండగా, నల్లమల యంచున నున్న మనకు తొందర యెందులకు?

మన దేశమునను మార్గములు లేకపోలేదు. మీటల ఫోనులవారికొఱకు 2022 మార్చిలో యూపీఐ 123పే యను పద్ధతిని బెట్టిరి. దానికి ఇంటర్నెట్టు అక్కఱలేదు. చిన్నమొత్తములకై ఆ యేడే వచ్చిన యూపీఐ లైటున రహస్యసంఖ్య యొత్తు పనిలేదు. వీనిని గుఱించి మన బజారులలో నెందఱికి దెలియును? ప్రచారము పెద్దయూరి గోడలమీద, అవసరము చిన్నయూరి గూడెములలో నున్నది.

కావున మేము కోరునది నాలుగు మాటలలో జెప్పెదము. మొదటిది, పెద్దదోర్నాల వర్తకులు, అటులనే మార్కాపురము, గిద్దలూరు, యెఱ్ఱగొండపాలెము వర్తకులును, తమలో దాము కూడి, నోటును నాణెమును నిరాకరింపమని నిశ్చయించుకొని, ఆ మాటను స్కానరు పలక ప్రక్కనే తెనుగున వ్రాసి కట్టవలయును. టోకువర్తకులు ఈ నిశ్చయమున చేరనిది చిల్లరకొట్లవారిని తప్పుబట్టుట వ్యర్థము. రెండవది, బ్యాంకులు వారమున కొకదినమైనను బజారుననే నాణెముల నిచ్చి పుచ్చుకొనుటకు సిబ్బందిని గూర్చుండబెట్టవలయును. నాలుగు గ్రామీణబ్యాంకులు కలిసి 2025 మే 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా నేర్పడినవి. పెద్దదైన బ్యాంకు చిన్ననాణెమును మఱువరాదు. మూడవది, జాతీయ సంస్థవారు ముప్పదిపాలు నియమమును ఇక జాఱవిడువక అమలుపఱుపవలయును. ప్రజల సొత్తైన బాట ఇద్దఱి గుత్తకు బోవుట కెవరును సమ్మతింపరాదు.

నాలుగవది మన యువకుల పని. కళాశాలలో జదివి సెలవులకు వచ్చినవారు పఠనమందిరమున సాయంకాలము గంటసేపు కూర్చుండి, పెద్దలకు మూడే సంగతులు నేర్పినను చాలును. సొమ్ము పుచ్చుకొనుటకు రహస్యసంఖ్య యెన్నడు నక్కఱలేదు, అడిగినవాడు దొంగ. పలకను జూపినపిమ్మట తెఱమీద కనబడు పేరు అంగడివానిదా కాదా యని చదివి చూచికొనవలయును. మోసపోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేసి, తమ బ్యాంకునకును దెలుపవలయును. వ్యక్తుల నడుమ సొమ్మును "అడుగు" పద్ధతిని 2025 అక్టోబరు 1వ తేదీనుండి నిలిపివేసిరి గాని, దొంగల తెలివి నిలిచిపోలేదు. అక్షరములు నేర్పుటకు రాత్రిబడులు నడిపిన జాతికి ఇది యొక క్రొత్త రాత్రిబడి.

స్కానరును మేము స్వాగతించుచున్నాము. ఆ పలక యుండవలసినదే. ఐతే అది అంగడికి రెండవ వాకిలిగా నుండవలయును. మొదటి వాకిలిని మూసి రెండవదానిని దెఱచుట అభివృద్ధి గాదు. యాత్రికుని నమ్మి యరువిచ్చిన ఆ హోటలు యజమాని మనసు పెద్దదోర్నాలలో నిప్పటికిని సజీవముగ నున్నది. ఆ నమ్మకములో నొకపాలు, కొంగుముడిలో సర్కారు ముద్రగల నాణెములు గట్టికొని వచ్చిన ముసలమ్మకును పంచిపెట్టుడని మాత్రమే మేము వర్తకసోదరులను వేడుచున్నాము. ఆమె బల్లమీద నుంచినది బిచ్చము గాదు, వెల. వెల యిచ్చినవారిని వెనుకకు బంపిన యంగడి, పెట్టె యెంత బిగ్గరగా పలికినను, మంచి యంగడి యనిపించుకొనదు.